‘కాదు’ గడి

మేనేజరు మేడం గదిలో గోడకు ఒక తెల్లబోర్డు ఉంది. అప్పు కావాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళ పేర్లన్నీ దాని మీద ఉంటాయి. ఒక్కో పేరుకు ఎదురుగా రెండు గడులు. మొదటిది ‘సరే’, రెండోది ‘కాదు’. ఈ మనిషికి అప్పు ఇవ్వచ్చు అని రిపోర్టు రాస్తే మొదటి గడిలో ఒక గీత, వద్దని రాస్తే రెండో గడిలో ఒక గీత పడుతుంది. పేర్లన్నిటికీ అడుగున ‘ట్రైనీ’ అని ఉంది. ట్రైనీకి పేరు కూడా ఎందుకు దండగ అనుకున్నారు కాబోలు, ఎవరూ రాయలేదు. ఆ వరసలో ‘సరే’ గడి గీతలతో కిక్కిరిసిపోయింది. ‘కాదు’ గడి కడిగిపెట్టిన పళ్ళెంలా ఉంది.

మేనేజరు మేడం ఆ ఖాళీ గడి మీద పెన్ను మూతతో టకటకా కొట్టింది.

"నువ్వు ఇళ్ళు చూడ్డానికి వెళ్తున్నావా, చుట్టరికానికి వెళ్తున్నావా?"

కొత్తమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. స్కూల్లో నిలబడ్డట్టే నిలబడింది. స్కూలు వదిలి ఎన్నాళ్ళయిందని. చివరి పరీక్ష రాసిన నెలలోనే ఈ ఫైనాన్స్ కంపెనీలో శిక్షణకు చేరింది. బస్సు ఛార్జీలకు సరిపోయేంత ఇస్తారు. శిక్షణ పూర్తయ్యాక మేనేజరు ‘ఉంచుకోవచ్చు’ అని రాస్తే జీతం వస్తుంది, సాయంత్రం కాలేజీ ఫీజు కూడా కంపెనీయే కడుతుంది. ‘అక్కర్లేదు’ అని రాస్తే ఇంటికి వెళ్ళిపోవడమే.

"నేను చూసినవాళ్ళందరూ బాగానే ఉన్నారు మేడం."

"వాళ్ళు బాగున్నారో లేదో ఎవరిక్కావాలి? నువ్వు వెళ్ళి చూశావని పైఆఫీసుకి తెలియాలి. అన్నీ ‘సరే’ అని పంపిస్తే వాళ్ళేమనుకుంటారు? ఎక్కడో నీడపట్టున కూర్చుని రాసిపారేసిందనుకుంటారు. వారానికి రెండన్నా ‘కాదు’ ఉండాలి. అప్పుడే ‘సరే’ అన్నవాటికి కూడా విలువ." మేడం కుర్చీలో కూర్చుని కంప్యూటరు వైపు తిరిగింది. "శనివారంతో నీ శిక్షణ అయిపోతుంది. ఈ గడి చూసి నీ గురించి ఏం రాయమంటావో నువ్వే చెప్పు."

చెప్పమంది గానీ వినడానికి ఆగలేదు. ఫోను తీసుకుని ఎవరినో తిట్టడం మొదలుపెట్టింది.

బయట ముక్కుసారు నవ్వుతున్నాడు. ఈ పనిలో అందరికన్నా పాతకాపు ఆయనే. గుమ్మంలో అడుగు పెట్టగానే అప్పు తీర్చేవాడెవడో ఎగ్గొట్టేవాడెవడో తన ముక్కుకు తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆ మాట ఆయనే పదిమందికీ చెప్పుకుని ఆ పేరు తెచ్చుకున్నాడు. కొత్తమ్మాయికి పని నేర్పమని ఆయనకే అప్పగించారు. నేర్పడమంటే తన ఫైళ్ళలో ఎండకు దూరంగా ఉన్నవన్నీ తను ఉంచుకుని, మిగిలినవి ఆమె చేతిలో పెట్టడం.

"నీకు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను," అన్నాడు. "మంచినీళ్ళు ఇస్తే తాగకు. తాగితే ‘కాదు’ అని రాయడానికి చెయ్యి రాదు. పక్కింటివాళ్ళని అడిగేటప్పుడు ఎందుకు అడుగుతున్నావో చెప్పకు. ఏదైనా గది చూపించకపోతే సగం పని అయిపోయినట్టే. ఇంక అక్కడేముందో నువ్వు ఊహించుకోవచ్చు."

"ఊహించుకుని రాస్తారా?"

"మరి దేవుడొచ్చి చెప్తాడా?" అంటూ ముక్కుసారు ఒక ఫైలు ఆమె ముందుకు తోశాడు. "ఇదిగో, సీటు కవర్లు కుట్టే ఆవిడ. కొత్త మిషను కొనుక్కుంటుందట. నోరు పెద్దదని విన్నాను. నీ అదృష్టం."

*

ఆ వీధి ఇరుకైనది. ఒక బండి లోపలికి వస్తే ఎదురొచ్చేవాళ్ళు ఏదో ఒక గుమ్మం ఎక్కాల్సిందే. సీట్లావిడ దుకాణం ముందు సీట్లు పీకేసిన మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. లోపల రెగ్జిన్ చుట్టలు, స్పాంజి ముక్కలు, జిగురు వాసన. దుకాణం వెనకాలే ఇల్లు. మధ్యలో ఒక తలుపు, అది మూసి ఉంది.

సీట్లావిడ నేల మీద కూర్చుని ఒక సీటును మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. నల్ల రెగ్జిన్‌ను పంటితో పట్టి లాగినంత బలంగా వేళ్ళతో లాగి, మడతపెట్టి, పిన్నులు కొడుతోంది. నోట్లో ఒక చిన్న మేకు ఉంది. కొత్తమ్మాయి తనెవరో, ఎందుకొచ్చిందో చెప్పుకుంది. ఆవిడ తల ఎత్తలేదు. ఆ మూల పూర్తయ్యేదాకా కొట్టి, మేకు అరచేతిలోకి తీసుకుని, అప్పుడు చూసింది.

"నిన్ను పంపించారా? నీ స్కూలు బ్యాగు ఏది?"

దుకాణంలో బండి కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు మగవాళ్ళు ఫక్కున నవ్వారు. కొత్తమ్మాయికి తల కొట్టేసినట్టయింది. అయినా ఫైలు తెరిచి నేర్పినట్టే ఒక్కొక్కటీ అడిగింది. ఎన్నేళ్ళుగా ఈ పని, దుకాణం అద్దెదా సొంతమా, రోజుకు ఎన్ని సీట్లు, చేతికింద ఎవరైనా ఉన్నారా. ఆవిడ పని ఆపకుండానే జవాబులు చెప్పింది. వంకలేని జవాబులు. పాత మిషను మందపాటి రెగ్జిన్‌కు సూది విరుచుకుంటోందనీ, అందుకే ఆటోల సీట్లు, వ్యాన్ల సీట్లు వదులుకోవాల్సి వస్తోందనీ, కొత్తది వస్తే అవన్నీ తన దగ్గరికే వస్తాయనీ చెప్పింది. విరిగిన సూదులు ఒక డబ్బాలో ఉంటే ఆ డబ్బా ఊపి చూపించింది.

"లోపలి గది కూడా చూడాలండీ."

"ఎందుకు?"

"రిపోర్టులో రాయాలి."

"నేను పని చేసేది ఇక్కడ. మిషను పెట్టేది ఇక్కడ. పడుకునే చోటుతో నీకేం పని? మా తమ్ముడు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. లేపను."

"తలుపు సందులోంచి చూసి వెళ్తాను."

"చూడు పిల్లా," అంది సీట్లావిడ, సుత్తి కింద పెట్టి. "అప్పు అడిగానని నా ఇంట్లో ఎవరెలా పడుకున్నారో చూడనివ్వాలని రూలేం లేదు. రాసుకునేది రాసుకుని వెళ్ళు."

ఆ ఇద్దరూ మళ్ళీ నవ్వారు. సీట్లావిడ మంచినీళ్ళు తాగుతావా అని కూడా అడగలేదు.

దుకాణం గోడను ఆనుకునే తాళాలాయన బల్ల ఉంది. బల్ల మీద తాళంచెవులు కోసే చిన్న మిషను, దానికి కరెంటు తీగ సీట్లావిడ కిటికీలోంచి వస్తోంది. పెద్దవయసు మనిషి, కళ్ళద్దాలు తాడుతో మెడకు కట్టుకున్నాడు. పక్క దుకాణం ఆవిడ ఎలాంటి మనిషని కొత్తమ్మాయి ఊరికే అడిగినట్టు అడిగింది.

"నోరు కొంచెం కారం. మనిషి మాత్రం మాట మీద నిలబడుతుంది," అన్నాడాయన. "ఈ కరెంటు చూడు, ఎన్నేళ్ళనుంచో వాడుకుంటున్నాను. ఇంత అని అడగదు. నేనే నెలకోసారి ఇచ్చి వస్తాను. ఎవరికీ బాకీ పడటం నేను చూళ్ళేదు. నువ్వు అప్పులాఫీసు అమ్మాయివా? ఇచ్చెయ్యండమ్మా, ఆవిడ ఎగ్గొట్టే రకం కాదు."

అంతకంటే మంచి మాట ఎవరి గురించైనా ఎవరైనా చెప్పగా ఆమె ఇంతవరకూ వినలేదు. అది విని ఒళ్ళు ఇంకా మండింది. ఇంత మంచిమనిషికి నన్నొక్కదాన్ని చిన్నచూపు చూడాలనిపించిందా అనుకుంటూ బస్సెక్కింది.

*

రిపోర్టులో ‘ఇరుగుపొరుగు అభిప్రాయం’ అని ఒక వరస ఉంటుంది. మిగతావన్నీ నిజాలే రాసింది. అక్కడికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

ముక్కుసారు భుజం మీదుగా తొంగిచూశాడు. "గది చూపించలేదన్నావుగా?"

"తమ్ముడు పడుకున్నాడంది."

"పడుకున్నది తమ్ముడేనని నువ్వు చూశావా?"

"లేదు."

"అదీ సంగతి." ఆయన టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

రాయమని ఆయన అనలేదు. మేడం కూడా ఈ మనిషి గురించి రాయమని అనలేదు. వాళ్ళిద్దరి మీదా తోసేయడానికి లేదు. ఆ నవ్వులూ, స్కూలు బ్యాగు మాటా, ఖాళీ గడీ అన్నీ కలిసి ఆమె చేత్తోనే రాయించాయి: ‘పక్క దుకాణం వారి అభిప్రాయం సరిగా లేదు. బాకీల విషయంలో నమ్మకం లేదన్నారు.’ చివర ‘కాదు’. ఇంకో ఫైలు కూడా ఉంది. ఊరు వదిలి వెళ్ళిపోయిన ఒక డ్రైవరుది. దాని మీద ‘కాదు’ రాయడం కష్టమేం కాలేదు.

మర్నాడు పొద్దున్న బోర్డు మీద ట్రైనీ వరసలో రెండో గడిలో రెండు గీతలు పడ్డాయి. ఆ గీతలు గీస్తున్నప్పుడు మేనేజరు మేడం మొదటిసారి ఆమె వైపు చూసి తల ఊపింది.

శనివారం మధ్యాహ్నం సీట్లావిడ వచ్చింది.

కేకలు వేస్తుందని అందరూ అనుకున్నారు. ముక్కుసారు తలుపు దగ్గరికి జరిగి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ కేకలు వెయ్యలేదు. శుభ్రమైన చీర కట్టుకుంది. వేళ్ళకు మాత్రం జిగురు వదల్లేదు. మేడం ఎదురు కుర్చీలో అంచు మీద కూర్చుని, ఎందుకు వద్దన్నారో చెప్పమని అడిగింది.

"ఇరుగుపొరుగు వాళ్ళు మీ గురించి మంచిగా చెప్పలేదు," అంది మేడం కాగితం చూస్తూ. "బాకీల విషయంలో నమ్మకం లేదట. అది ఉంటే మేమేం చెయ్యలేం. ఏడాది తర్వాత మళ్ళీ పెట్టుకోండి."

"ఎవరన్నారా మాట?"

"చెప్పకూడదు."

సీట్లావిడ కుర్చీలోనే వెనక్కి తిరిగింది. గుమ్మం పక్కన ఫైళ్ళు సర్దుతున్న కొత్తమ్మాయి కనిపించింది.

"నువ్వే కదా వచ్చింది. నా పక్కన ఉన్నది ఒకే ఒక్కడు. ఆయనేనా అంది?"

మేడం పెన్ను తిప్పడం ఆపి కొత్తమ్మాయిని చూస్తోంది. లేదండీ అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పకూడదండీ," అంది కొత్తమ్మాయి.

సీట్లావిడ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "సరే, అర్థమైంది," అని లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ కుర్చీని బల్ల కిందికి సర్దింది.

"బాగా చెప్పావు," అంది మేడం. "భయపడి పేరు బయటపెట్టేస్తావనుకున్నాను. గట్టిపిండానివే." సొరుగు లాగి ఒక కాగితం తీసింది. సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఆరడానికి రెండుసార్లు ఊపి ఇచ్చింది. సోమవారం నుంచి ఉద్యోగం, జీతం, సాయంత్రం కాలేజీ ఫీజు. కాగితం అందుకున్నాక కొత్తమ్మాయి దాని మీంచి కళ్ళు ఎత్తలేదు. మేడం అది సంతోషం అనుకుంది. అందులో కొంత సంతోషం కూడా ఉన్నమాట నిజం.

*

అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఈ నెలాఖరు నుంచి ఆ పనికి మిషన్లు పెడుతున్నారు, మనుషులు అక్కర్లేదన్నారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అమ్మ రాత్రిళ్ళు లెక్కలు వేసుకోవడం మానేసింది. వేసుకోవడానికి ఏమీ లేక.

మామయ్య కాగితం పైకి చదివాడు. ఆ కంపెనీలో తెలిసినవాళ్ళను పట్టుకుని ఆమెను చేర్పించింది ఆయనే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకుంటాడు. "నేను చెప్పినట్టు నోరు మూసుకుని ఉన్నావు కాబట్టి నిలబడ్డావు," అన్నాడు. "ఇక మీదట కూడా అలాగే ఉండు. ఆఫీసుల్లో తెలివి ఉన్నవాడికి రాదు ప్రమోషను, నోరు లేనివాడికొస్తుంది."

అమ్మ కాగితం తీసుకుని చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది. తడికి నాని నాని తెల్లబడిపోయిన వేళ్ళు. ఆ వేళ్ళ తడి అంటుకోకుండా కాగితాన్ని చీరకొంగుతో పట్టుకుంది.

"ఇక నాకు బెంగ లేదే," అంది. ఆ ఒక్క మాటా అని వంటింట్లోకి వెళ్ళి, అక్కడ నిలబడి ముక్కు చీదుకుంది.

కొత్తమ్మాయి ఆదివారమంతా నిద్రపోయింది. నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకుని పడుకుంది.

*

సోమవారం ఉదయం ముక్కుసారు ఇచ్చిన ఫైళ్ళలో ఒకటి సీట్లావిడ వీధికి అవతలి వీధిది. చుట్టూ తిరిగి వెళ్ళవచ్చు. ఆమె అలాగే వెళ్ళింది. పని ముగించుకుని తిరిగి బస్సు స్టాపుకు వస్తుంటే ఆ ఇరుకు వీధి చివర మురుగుకాలువ పక్కన, ఎండలో, తాళాలాయన కనిపించాడు. గోడ పక్కన ఉండాల్సిన బల్ల అక్కడికి వచ్చింది. తాళంచెవులు కోసే మిషను బల్ల మీద ఉంది గానీ కరెంటు తీగ చుట్టచుట్టి దాని మీద పెట్టి ఉంది. ఆయన ఒక తాళంచెవిని ఆకురాయితో రుద్దుతున్నాడు.

తల వంచుకుని దాటిపోదామనుకుంది. ఆయనే చూశాడు.

"అమ్మాయ్, ఆగు. నీకోసమే ఎదురుచూస్తున్నా. ఆఫీసెక్కడో తెలియక రాలేదు."

ఆగింది.

"ఆవిడ గురించి నేను చెడ్డగా చెప్పానట. శనివారం సాయంత్రం వచ్చి తీగ పీకేసింది. సరేలే, కరెంటు ఆవిడది. వీధి నడిమధ్య నిలబడి, వీడు మీ అందరి తాళాలకీ దొంగచెవులు చేసి పెట్టుకుంటాడు, జాగ్రత్త అని అరిచింది." ఆకురాయి కింద పెట్టాడు. "తాళాలు బాగుచేసేవాడిని అనాల్సిన మాటేనా అది? నిన్నట్నుంచి ఒక్కడు రాలేదు. ఈ ఒక్క చెవీ ఎవరో దారిన పోయేవాళ్ళది. నేనేం చెప్పానో నీకు తెలుసు కదమ్మా. నువ్వే విన్నావు. వచ్చి ఆవిడకి ఒక్క మాట చెప్పు. నాకు ఇంకేమీ వద్దు."

కొత్తమ్మాయి బస్సు స్టాపు వైపు చూసింది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సీట్లావిడ తిన్నగా బ్రాంచికి వస్తుంది. శనివారం స్టాంపు వేసిన కాగితం సోమవారానికే చిత్తుకాగితం అవుతుంది. అమ్మ పని పోవడానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు.

"నాకు ఆఫీసుకి టైమవుతోంది."

"ఒక్క నిమిషం పని."

ఆయన బల్ల వదిలేసి ముందు నడిచాడు. ఎవరైనా ఎత్తుకుపోతారన్న ధ్యాస కూడా లేదు. ఆమె వస్తుందా లేదా అని వెనక్కి తిరిగి చూడలేదు. వస్తుందనే నమ్మాడు. ఆ నమ్మకం మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. అయినా కాళ్ళు ఆయన వెనకే నడిచాయి.

దుకాణం ఎదుటి అరుగు దగ్గర తాళాలాయన ఆగిపోయాడు. "నేను గుమ్మం తొక్కను. నువ్వు వెళ్ళు."

సీట్లావిడ పాత మిషను మీద కుడుతోంది. ఆ చప్పుడులో బయటి మాట లోపలికి, లోపలి మాట బయటికి వినిపించదు. ఈసారి దుకాణంలో ఇంకెవరూ లేరు. కొత్తమ్మాయి మిషను పక్కన నిలబడి, తనకే విసుగు పుట్టేంత నెమ్మదిగా మొదలుపెట్టి, తర్వాత తొందరగా చెప్పేసింది. ఆయన మంచిగానే చెప్పాడు. బాకీ పడటం చూడలేదన్నాడు. అప్పు ఇచ్చెయ్యమన్నాడు. ఆ మాట రాసింది తను.

మిషను ఆగలేదు. కుట్టు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. దారం తెంపి అప్పుడు మాట్లాడింది సీట్లావిడ.

"ఎందుకు రాశావు?"

"వారానికి రెండు ఉండాలన్నారు. మీరు... నాకు కోపం వచ్చింది."

సీట్లావిడ చెయ్యి ఎత్తితే కొడుతుందనే అనుకుంది. కొట్టినా బాగుండేది. ఆవిడ మాత్రం గుమ్మం వైపు, ఎదుటి అరుగు మీద ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషి వైపు చూసింది. ముఖంలో కోపం ఉన్నచోట ఇంకేదో వచ్చింది. తప్పు చేసి దొరికిపోయినవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో కొత్తమ్మాయి రెండు రోజులుగా అద్దంలో చూస్తోంది. అందుకే గుర్తుపట్టింది.

"ఆయనకి తెలుసా, రాసింది నువ్వని?"

"తెలీదు. మీరు పొరపాటుగా విన్నారనుకుంటున్నాడు."

సీట్లావిడ గొంతు తగ్గించింది. "అయితే విను. నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. అప్పు ఇంకోచోట చూసుకుంటాను. నేను మీ ఆఫీసుకి రాను. నీ ఉద్యోగం నీకుంటుంది. వెళ్ళు."

"మరి ఆయన?"

"వీధి మధ్యలో నిలబడి దొంగ అన్నాను ఆయన్ని. పిల్లాజెల్లా అందరూ విన్నారు. ఇప్పుడు ‘కాదు, తప్పన్నాను’ అంటే రేపట్నుంచి నా మాటకి ఈ వీధిలో విలువేముంటుంది? కొన్నాళ్ళు పోతే జనమే మర్చిపోతారు. తీగ నేనే మళ్ళీ ఇస్తాలే, ఏదో ఒక వంక పెట్టి." మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "నీకు మేలే చేస్తున్నాను. ఇంకా నిలబడ్డావేం?"

మేలే. నిజం చెప్పాలంటే కొత్తమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. చెప్పాల్సిన మనిషికి చెప్పేసింది, ఉద్యోగమూ మిగిలింది. ఇంతకంటే ఇంకేం కావాలి. బ్యాగు భుజానికి వేసుకుని బయటికి వచ్చింది. వెనక మిషను మళ్ళీ మొదలైంది.

తాళాలాయన ఎదురొచ్చాడు. "చెప్పావామ్మా?"

"చెప్పాను."

"ఏమంది?"

ఆమె బ్యాగు పట్టీ సర్దుకుంది. ఆయన దుకాణం వైపు చూశాడు. సీట్లావిడ తల ఎత్తకుండా కుట్టుకుంటూనే ఉంది. ఆయన మెల్లిగా తల ఆడించాడు.

"నువ్వు చెప్పినా నమ్మలేదన్నమాట. అంత దొంగలా కనిపిస్తున్నానా నేను."

ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. తనలో తనే అనుకున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కాలువ పక్కనున్న తన బల్ల వైపు నడవబోయాడు. మేడ మీద ఒకావిడ బట్టలు ఆరేస్తూ ఆగి చూస్తోంది. ఎదుటి ఇస్త్రీ అతను పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఆయన మీద జాలి లేదు. దొంగను చూసినట్టే చూస్తున్నారు.

"ఆవిడ నమ్మింది," అంది కొత్తమ్మాయి.

ఆయన ఆగాడు.

మిషను చప్పుడు మీదుగా వినిపించాలంటే గట్టిగా అనాలి. గట్టిగానే అంది. "మీరు ఆవిడ గురించి చెడ్డగా చెప్పలేదు. మీరు మంచే చెప్పారు. అబద్ధం రాసింది నేను. మా ఆఫీసులో వారానికి ఇద్దరినన్నా కాదనాలి, అందుకని రాశాను. మీరు దొంగ కాదు. ఈ మాట ఇందాక ఆవిడకి చెప్పాను. ఆవిడకి తెలుసు."

చివరి మాటకు మిషను ఆగిపోయింది. ఇస్త్రీ అతను పెట్టె కింద పెట్టాడు. మేడ మీద ఆవిడ లోపలికి తిరిగి ఎవరినో పిలిచింది, రా రా ఇటు అని.

తాళాలాయన ఆమె దగ్గరకు వచ్చాడు. కళ్ళల్లో కృతజ్ఞత ఏమైనా ఉంటుందేమోనని ఆమె చూసింది, సిగ్గులేకుండా. లేదు.

"మరి శనివారమే ఎందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం కోసం."

"ఉందా?"

"సాయంత్రం దాకా ఉంటుంది. వెళ్ళి నేనే చెప్పాలి."

"నీ ఉద్యోగం సంగతి నాకెందుకు," అన్నాడు తాళాలాయన. "రెండు రోజులు నేను తిండి తినలేదు." అని తన బల్ల వైపు వెళ్ళిపోయాడు.

సీట్లావిడ బయటికి వచ్చింది. చీర మీద దారపు ముక్కలు అలాగే ఉన్నాయి. వీధంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది. ఆవిడ కొత్తమ్మాయిని దాటుకుని తాళాలాయన వెనకే వీధి చివరికి నడిచింది. ఆయన మిషను మీదున్న తీగచుట్ట తీసి భుజానికి తగిలించుకుని, బల్ల ఎత్తడానికి వంగాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సీట్లావిడ రెండో వైపు పట్టుకుంది. ఆయన వద్దనలేదు. ఆవిడ ముఖంలోకి చూడనూ లేదు. ఇద్దరూ ఒకేసారి లేపారు. మిషను బరువుకు బల్ల ఒక పక్కకు ఒరిగితే ఆవిడ మోకాలు అడ్డం పెట్టి సరిచేసింది.

వీధి ఇరుకు. వాళ్ళు బల్లను పాత చోటికి మోసుకుంటూ వస్తుంటే కొత్తమ్మాయి దారికి అడ్డంగా నిలబడి ఉంది. సాయం పడదామని చెయ్యి చాచింది.

"పక్కకి జరుగు," అంది సీట్లావిడ.

ఆమె పక్కింటి గుమ్మం ఎక్కి నిలబడి, వాళ్ళకు దారి ఇచ్చింది.